ముల్లు మీద వంద

రోడ్డు పక్క మెకానిక్ షెడ్డు. సాయంత్రం నాలుగున్నర. మెకానిక్ నేలమీద కూర్చుని చైను కడుగుతున్నాడు. ఎదురుగా ఆయన అన్నకూతురి మొగుడు, తనకు తానే తుఫాను అని పేరు పెట్టుకున్న మనిషి, బండి దిగకుండానే మాట్లాడుతున్నాడు.

"దండం పెట్టాడు మామా! పట్టుకోవాల్సిన మనిషి నాకు దండం పెట్టాడు!"

"ఎవరు అల్లుడూ?"

"ట్రాఫిక్ సార్జెంటు. వంతెన దగ్గర. ఇందాకట్నుంచి చెప్తున్నది ఎవరి గురించనుకున్నావ్?"

"ముందు ఆ బండి ఆపు. నీ సైలెన్సరు మొత్తుకుంటుంటే నా పళ్ళు కదుల్తున్నాయి. ఆఁ, ఇప్పుడు మొదట్నుంచి చెప్పు."

"ఇవాళ అయిదింటికి గడువు. ఈలోపు నాకు స్పీడు చలానా కావాలి."

"చలానా కావాలా? అందరూ అది తప్పించమని కదా తిరుగుతారు!"

"నా ఖర్మ. మీ అమ్మాయితో పందెం వేశా. మా అమ్మ ముందు, మా వదిన ముందు. 'తుఫాను తుఫాను అంటారు, ఇన్నాళ్ళలో ఒక్క పోలీసైనా పట్టుకున్నాడా' అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. శనివారం అయిదింటికల్లా చలానా తెచ్చి గోడకి అతికిస్తానన్నా."

"తేకపోతే?"

"తేకపోతే... ఎందుకులే."

"చెప్పవయ్యా."

"ఇక జన్మలో ఎక్కడికెళ్ళినా తన స్కూటరు మీదే. ముందు తను, వెనక నేను. సంచీ ఒళ్ళో పెట్టుకుని."

"ఒక పక్కకి కూర్చునా, రెండు పక్కలకీ కాళ్ళేసా?"

"మామా!"

"ఊరికే అడిగా."

"రేపు మా బైకుల జట్టంతా సెలయేటి దగ్గర కలుస్తోంది, పెళ్ళాలతో సహా. నేను వెనక సీట్లోంచి సంచీతో దిగితే ఇంకేమైనా ఉందా? తలెత్తుకోగలనా?"

"సరే, సార్జెంటు పట్టుకోలేదా?"

"పొద్దున్నుంచి మూడుసార్లు పోయా. మూడుసార్లూ మీటరు ముల్లు వంద మీద. మొదటిసారి స్పీడు కొలిచే మిషను నా వైపు పెట్టి చూశాడు, పొమ్మన్నాడు. రెండోసారి నవ్వాడు. మూడోసారి ఆపాడు. హమ్మయ్య అనుకుని 'తప్పయిపోయింది సార్, వందలో వచ్చా' అన్నా. మిషను తెచ్చి నా మొహానికి చూపించాడు. ఎంతుందో తెలుసా?"

"మంచినీళ్ళు తాగుతావా?"

"నలభై తొమ్మిది!"

"కుండలో ఉన్నాయి, చల్లగా."

"నలభై తొమ్మిది మామా! 'మీ మిషను చెడిపోయింది సార్, నాది వంద, రాయండి' అని కాళ్ళావేళ్ళా పడ్డా. దాంతో ఆయన వెనకొచ్చే బళ్ళన్నీ ఆపేశాడు. 'చూడండయ్యా, తలకి హెల్మెట్టుంది, గడ్డం కింద పట్టీ ఉంది, రెండద్దాలున్నాయి. నలభై తొమ్మిదిలో పోతూ కూడా తప్పయిపోయిందంటున్నాడు. మనిషంటే ఇదీ' అని నాకు దండం పెట్టి, అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. ఈ నెల ఆదర్శ చోదకుణ్ణట నేను. ఫోటో తీశాడు. సోమవారం వంతెన స్తంభానికి కడతాడట!"

"ఆగాగు. నువ్వు హెల్మెట్టు పెట్టుకున్నావా? నీ హెల్మెట్టు మోచేతి దాటి పైకి రావడం నేనెప్పుడూ చూళ్ళేదే!"

"ఇవాళొక్కరోజే. హెల్మెట్టు లేదని పట్టుకుంటే అది హెల్మెట్టు చలానా అవుతుంది, స్పీడుది కాదు, పందెంలో చెల్లదంది మీ అమ్మాయి. అందుకని స్పీడు తప్ప ఇంకే తప్పూ లేకుండా శుభ్రంగా తయారై పోయా. అద్దాలు అటక మీంచి దించి బిగించా. మలుపు దగ్గర సిగ్నలు లైటు కూడా వేశా మామా, జన్మలో మొదటిసారి."

"ఇన్నాళ్ళూ ఎందుకు వెయ్యలా?"

"మనం ఎటు తిరుగుతామో ఊరందరికీ ముందే చెప్పుకుంటామా?"

"అదీ నిజమే."

"ఇంకా విను. ఆ సార్జెంటు ఏమన్నాడో తెలుసా? 'రోజూ పొద్దున పదింటికి ఒక నీలం స్కూటరు పోతుంది, మిషను ఎత్తేలోపు వంతెన దాటేస్తుంది, నంబరు కూడా అందదు, వాళ్ళు ఈయన్ని చూసి నేర్చుకోవాలి' అన్నాడు. ఆ స్కూటరు మొనగాడెవడోగానీ, దొరికితే కాళ్ళు మొక్కుతా."

"నీలం స్కూటరా?"

"నీలమే. ఏం? ఊళ్ళో సగం స్కూటర్లు నీలమేగా. మీ అమ్మాయిది కూడా నీలమే. అదేంటి, చైను కింద పడేశావ్?"

"జారింది. నూనె చెయ్యి."

"చైను సంగతి తర్వాత. నువ్వు లేచి నాతో వంతెన దాకా రా. ముప్పై ఏళ్ళ మెకానిక్కువి. 'ఈ బండి వందలోనే పోయింది, నాదీ పూచీ' అని ఒక్క ముక్క చెప్పు. నీ మాటంటే రాస్తాడు."

"నాకు కాలు నెప్పి."

"కూర్చునే వస్తావుగా!"

"కూర్చుంటేనే నెప్పి."

"మామా, నా మొహం చూసి చెప్పు. మిషనుదే తప్పుగా?"

"మిషన్లన్నాక... అవునూ, నీ బండి లీటరుకి ఎంతిస్తోంది?"

"తొంభై ఎనిమిది. మా జట్టులో ఎవడికీ యాభై దాటదు. అంతా నీ చేతి చలవ."

"మీ తోడల్లుడి ఊరెంత దూరం?"

"అరవై రెండు."

"రాళ్ళ మీద ముప్పై ఒకటి అని ఉంటుందే?"

"ఆ రాళ్ళు పాతినవాడు తాగి పాతాడు. నేను స్వయంగా కొలిచా, పోయేప్పుడూ వచ్చేప్పుడూ. రోడ్ల ఆఫీసుకి అర్జీ కూడా పెట్టా."

"అర్జీ పెట్టావా!"

"రెండు. జవాబు లేదు."

"ఓరి నాయనో. దారిలో నిన్నెవరూ దాటిపోరా అల్లుడూ?"

"దాటుతారు. అదే నాకూ ఆశ్చర్యం. మొన్నొక ముసలాయన మోపెడ్ మీద, వెనక గడ్డిమోపుతో, నన్ను దాటిపోయాడు. నేను వందలో ఉన్నా. అంటే ఆయన నూటపదిలో ఉన్నట్టేగా? ఆ వయసులో! ఒక్క గడ్డిపరక రాలలేదు. మా జట్టులో చేరతారా అని అడుగుదామని వెంటపడ్డా. అందలేదు."

"బండి దిగి ఆ స్టూలు మీద కూర్చో."

"ఎందుకు?"

"కూర్చో ముందు. ఆ స్పానరు ఎందుకు పట్టుకున్నావ్, అక్కడ పెట్టెయ్. ఇంకొంచెం దూరంగా."

"పెట్టా. చెప్పు."

"మిషనుది తప్పు కాదు. నీ మీటరు ముల్లుది."

"ముల్లుకేం? నిక్షేపంగా తిరుగుతోంది."

"కాస్త ఎక్కువే తిరుగుతోంది. ముందు చక్రం దగ్గర ఒక చిన్న పళ్ళచక్రం ఉంటుంది. అదెలా తిప్పితే ముల్లు అలా తిరుగుతుంది. నీ బండికి ఉండాల్సింది అక్కడ లేదు. పళ్ళు తక్కువది ఉంది. ముల్లుని రెట్టింపు తిప్పుతుంది. నువ్వు ఇరవైలో పోతే నలభై, యాభైలో పోతే వంద."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళయింది."

"ఎవడు పెట్టాడు? వాడి చేతులు విరగ్గొడతా!"

"నేనే."

"మామా!"

"అందుకే స్పానరు పెట్టెయ్యమన్నా."

"రెండేళ్ళు! అయితే మొన్న ఇటుకల బట్టీ మలుపులో బండి పడుకోబెట్టి తిప్పానే, మోకాలు నేలకి ఆనేంతగా..."

"ముప్పై అయిదుంటుంది."

"గాలికి కళ్ళల్లో నీళ్ళు ధారగా కారాయే?"

"దుమ్ము. అక్కడ అందరికీ కారతాయి."

"మరి ఆ చప్పుడు?"

"సైలెన్సరు చిల్లిది. దానికి వేగంతో పని లేదు. నిలబెట్టినా అంతే అరుస్తుంది."

"మా జట్టులో నన్నెప్పుడూ చివర్న రమ్మంటారు. వెనక కాపలాకి గట్టివాడు ఉండాలని."

"కాపలాకి కాదు నాయనా. నువ్వు అందక."

"ఎందుకు చేశావ్ మామా? నేను నీకేం ద్రోహం చేశా?"

"మీ ఆవిడ ఏడ్చింది. పెళ్ళయిన మొదటి నెల్లో మూడుసార్లు పడ్డావు. మూడోసారి నీకంటే ముందు నీ చెప్పు ఇంటికొచ్చింది, ఎవరో తెచ్చిచ్చారట. ఆ ఒంటి చెప్పు పట్టుకుని వచ్చి, ఇదిగో, నువ్వు కూర్చున్న ఈ స్టూలు మీదే కూర్చుంది. 'చెప్తే వినరు బాబాయ్. ఆయనకి వంద కనపడాలి, అంతే. కనపడితే అక్కడ ఆగుతారు' అంది. కనపడేట్టు చేశా. ఆ తర్వాత పడ్డావా?"

"లేదు."

"ఎక్కడైనా గీసుకున్నావా?"

"లేదు. నా పనితనం అనుకున్నా."

"అనుకో. ఎవరు కాదన్నారు?"

"అంటే... తనకి తెలుసు! చలానా రాదని తెలిసే పందెం వేసింది!"

"పందెం సంగతి నాకు తెలీదు. నీ మీద ఒట్టు."

"టైమెంత? పదిహేన్నిమిషాలుంది. మామా, నీకు దండం పెడతా, నా చక్రం నాకు బిగించు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిజం వందలో పోయి చలానా తెచ్చుకుంటా."

"బిగించను. బిగిద్దామన్నా అదిక్కడ ఉంటేగా."

"పారేశావా?"

"ఈ షెడ్డులో వంకర మేకు కూడా పారెయ్యను. ఆ రోజు రెండు బళ్ళు సర్వీసుకొచ్చాయి. రెండోదాంట్లోంచి తీసి నీకు వేశా. దాన్ని ఊరికే వదలకూడదుగా, నీది దానికి వేశా."

"ఎవరి బండి?"

"గుర్తులేదు."

"గుర్తులేదా? పదేళ్ళ కింద ఎవడి బండికి ఏ బోల్టు వేశావో చెప్తావు!"

"ఎవరో నెమ్మదస్తురాలిదిలే. ముల్లు నలభై దాటనివ్వని మనిషి. ఆవిడకి ముల్లు ఎటు తిరిగితేనేం అనుకున్నా. ఇందాక నువ్వు చెప్పిందాకా తట్టలేదు."

"ఏం తట్టలేదు?"

"నీది రెట్టింపు చూపిస్తే, అది సగమే చూపిస్తుందని."

"పాపం. ఎవరో ఆ తల్లి."

"బాబాయ్! ఉన్నావా? ఈయనా ఇక్కడే ఉన్నారే!"

"వచ్చావా తల్లీ. పోస్టాఫీసు నుంచేనా? ఎప్పుడు బయల్దేరావు?"

"ఇప్పుడే బాబాయ్. నేను తాళం వేసేసరికి గోడ గడియారంలో తొమ్మిది నిమిషాలు తక్కువ అయిదు. ఇక్కడ చూడు, సరిగ్గా అయిదు."

"తొమ్మిది నిమిషాలా! పన్నెండు కిలోమీటర్లు తల్లీ!"

"అందరూ అదే అంటారు. నా మీటర్లో ఆరే చూపిస్తుంది. ఆ రాళ్ళు పాతినవాడికి లెక్కలు రావు బాబాయ్."

"అల్లుడూ."

"ఊఁ."

"విన్నావా?"

"విన్నా."

"ఏంటి, ఇద్దరూ మొహాలు అలా పెట్టారు? ఏవండీ, అయిదయింది. చలానా ఏది?"

"లేదు."

"సార్జెంటుగారు ఇవ్వలేదా? ఎంత మంచి మనిషో ఆయన. రోజూ పదింటికి వంతెన మీద నన్ను చూసి చెయ్యి ఊపుతాడు, ఈల కూడా వేస్తాడు. ఒకటి రెండుసార్లు వెనకాల పరిగెత్తాడు కూడా. నేనూ చెయ్యి ఊపుతా. ఆగి పలకరిద్దామంటే ఆఫీసు టైమాయె."

"తల్లీ, నీ బండి ఇక్కడ పెట్టి నడిచి పొండి ఇద్దరూ. దానికి చిన్న పనుంది. పావుగంట పని."

"నా బండికి పనేంటి బాబాయ్, బంగారంలా ఉంటే! రేపు చూద్దువులే. ఇవాళ పందెం గెలిచా, ఈయన్ని వెనకేసుకుని ఊరంతా తిప్పాలి. ఎక్కండి. ఈ సంచీ పట్టుకోండి."

"నేను నడిచొస్తానే."

"తుఫాను నడుస్తుందా? మాటంటే మాటే. ఎక్కండి."

"మామా, ఆ హెల్మెట్టు ఇలా ఇవ్వు. పట్టీ బిగించు."

"బిగించా."

"ఇంకా."

"ఊపిరాడదు అల్లుడూ."

"ఆడక్కర్లేదు. బిగించు."

"అయ్యో, అలా వణికిపోతారేంటండీ? మీలాగా వందలో పోతానా నేను? హాయిగా కూర్చోండి, నలభై దాటను."