బావ పక్క సీటు

మిత్రులారా, మా షెడ్డులో ఇంతమందిని ఎప్పుడూ చూడలేదు. కుర్చీలు చాలక టైర్ల మీద కూర్చున్న మీ అందరికీ నమస్కారం. మా చెల్లెలి భర్త, మీరంతా ముద్దుగా ‘డబ్బా’ అని పిలుచుకున్న ర్యాలీ డ్రైవరు, ఇక లేడు. లోయల అంచున కారు నడిపిన మనిషి ఆసుపత్రి మంచం మీద పోవడమేమిటి?

ఆ పేరెలా వచ్చిందో పెద్దవాళ్లకు తెలుసు. బావ నడిపే ఆ బుల్లి కారును చూసి, ఈ డబ్బా కొండెక్కుతుందా అని నవ్వారు. వాన పడింది. వెనక చక్రాలు తోసే పెద్ద బళ్లు బురదలో తోక తిప్పుకుంటుంటే, మన డబ్బాను ముందు చక్రాలే పైకి లాక్కెళ్లాయి. బండి పేరే బావకూ అంటుకుంది. నవ్వినవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు, కాదంటారా? నాలుగు చక్రాలూ లాగే బళ్లొచ్చాక ఇలాంటివి మూలపడ్డాయి. అయినా బావ ఇంకో బండి ఎక్కలేదు.

బరువంటే బావకు గిట్టేది కాదు. వెనక సీటు పీకేశాడు, తలుపుల లోపలి అట్టలు పీకేశాడు, నా జేబులో తాళాల గుత్తి కూడా లాక్కునేవాడు. మరి పక్కన కూర్చుని, రాబోయే మలుపులు కాగితంలో చూసి చదివి చెప్పే నేనో? చూస్తున్నారుగా నా వాలకం! ఎవరైనా సన్నటి మనిషిని పెట్టుకోమని జట్టు యజమాని పట్టుబట్టాడు. నా సీటు పోయినట్టే అనుకున్నాను. నన్నూ బావా అనే పిలిచే ఆయన తాపీగా, “ముందు చక్రాల బండి సార్, ముందు బరువుండాలి. మా బావ దిగితే పట్టు పోతుంది” అన్నాడు. పచ్చి అబద్ధం. నా సీటు బాగా వెనక్కి బిగించి ఉందని, నా బరువు ముందు చక్రాల మీద పడదని మెకానిక్కులందరికీ తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు.

ఇంకో పోటీలో ముందంజలో ఉండగా, హెల్మెట్లలో మాట వినిపించే వైరు తెగింది. ఇంజను హోరులో గొంతు చించుకుని అరుస్తున్నాను. బావ ఏం చేశాడు? యాక్సిలరేటర్ మీద కాలు సడలించాడు. నా మాట వినపడేంత నెమ్మదిగా నడిపాడు. గెలవాల్సిన పోటీ పోయింది. యజమాని కస్సుమన్నాడు. “బావ చెబితేనే నాకు రోడ్డు సార్” అన్నాడు ఈయన, అంతే.

చెల్లెమ్మా, నీకు చెప్పలేదు. నిన్న వెళ్లి ఆ కారులో నా సీట్లో కూర్చున్నాను. బెల్టు కూడా పెట్టుకున్నాను. ఖాళీ స్టీరింగు వైపు తిరిగి, ఎడమ మలుపు, జారుడు, జాగ్రత్త అని పైకే చదివాను. ఎవరు వింటారు? బావా, నీ పక్కన ఒక్క మలుపు, ఒక్కటంటే ఒక్కటి, మళ్లీ చదవాలనుందయ్యా.

మిత్రులారా, ఇప్పుడు ఒక్క నిమిషం మౌనం పాటించాలి. అది నా వల్ల అవుతుందో లేదో. కారులో నేను ఒక్క క్షణం ఆగితే చాలు, “బావా, మాట్లాడు” అనేవాడు. మీరు ఆయన్ను తలచుకోండి. నేను మాత్రం ఆ మాట కోసం చెవులు రిక్కించి నిలబడతాను. దయచేసి అందరూ లేవండి.