గేటాయన మోసిన విమానం

చిన్న విమానాలు దిగే మైదానం గేటు దగ్గర కాపలా ఉండే ఆయనకు టీకొట్టు బల్ల మీద కూర్చుంటే నోరు ఊరుకోదు. నిన్న దిగుతూ ముందు చక్రం విరిగి, పక్కకి ఒరిగిపోయిన రెండు సీట్ల విమానం సంగతి ఆ ఉదయం ఎత్తుకున్నాడు. పైలట్‌కి గీత కూడా పడలేదు గనక అందరూ నిశ్చింతగా వింటున్నారు. పక్కన బావమరిది, ఎదురుగా టీ కాచేవాడు, బల్ల చివర ఎవరో కళ్ళజోడాయన.

"చక్రం ఊగుతోందని కిందనుంచే కనిపెట్టాను. మెల్లగా దించు నాయనా అని కేకేశాను."

"అంత మోతలో వినపడిందా?" అన్నాడు టీ కాచేవాడు.

"నా గొంతు సంగతి వీళ్ళక్కనడుగు. దించాడు, చక్రం పుటుక్కుమంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెక్క నేలకి తగలబోతుంటే భుజం ఆనించాను, ఆనిస్తే ఆగుతుందా, నన్నూ ఈడ్చుకుపోతోంది, ఇలా కాదని విమానాన్నే నెత్తికెత్తుకుని రన్‌వే పొడుగునా పరిగెత్తాను, మధ్యలో చెప్పు తెగితే ఒంటికాలి మీద గెంతుతూ..."

"ముందు పంకా తిరుగుతుంటుంది కదా బావా?"

"తిరగనీ, చెమట పట్టిందిరా, హాయిగా ఉంది. పైలట్ తొంగిచూసి, 'అన్నా, నేను దిగి నడవనా, నీకు బరువు తగ్గుతుంది' అన్నాడు. కూర్చో తమ్ముడూ, నీ బరువొక బరువా అన్నాను. ఇంతలో కాస్త గట్టిగా గెంతానేమో, ఇద్దరం మళ్ళీ మబ్బుల్లోకి పోయాం. రెండోసారి దించింది పూర్తిగా నేనే. దర్యాప్తువాళ్ళు వచ్చినా నన్నే అడగాలి, పైలట్ కళ్ళు మూసుకున్నాడు మరి."

కళ్ళజోడాయన గ్లాసు కింద పెట్టాడు. "దర్యాప్తుకి వచ్చింది నేనేనండి. రన్‌వే మీద ఏదో అడ్డొస్తే పైలట్ విమానం పక్కకి తిప్పాడట, అందుకే చక్రం విరిగిందట. ఆ అడ్డొచ్చింది మీరేనా?"

గేటాయనకు పొలమారింది. ఉద్యోగం కళ్ళముందు గిర్రున తిరిగింది.

"నేనా? నిన్న నేను ఊళ్ళోనే లేను సార్. మా అత్తగారింట్లో ఉన్నాను."

"మా ఇంటికి ఎప్పుడొచ్చావు బావా?" అన్నాడు బావమరిది అమాయకంగా.

గేటాయన తల దించుకున్నాడు. "గేటు గదిలోనే ఉన్నాను సార్. చప్పుడు విని బల్ల కిందికి దూరాను. అంతా సద్దుమణిగాకే బయటికొచ్చాను."

"కంగారు పడకండి. అడ్డొచ్చింది మేక. కంచె కంతలోంచి దూరిందని పైలట్ చెప్పాడు. ఇంకెవరైనా చూశారేమోనని ఇంతసేపూ విన్నాను. మీ కథలో అన్నీ ఉన్నాయి గానీ మేక రాలేదు."

గేటాయనకు ప్రాణం లేచొచ్చింది. మూతి తుడుచుకుని ముందుకి జరిగాడు.

"మేకంటే గుర్తొచ్చింది సార్. అది అప్పుడు నా చంకలో..."

బావమరిది తన చేతిలో ఉన్న బన్ను మొత్తం తీసి బావ నోట్లో కుక్కాడు.