మూత తీసి చూడండి

ఒక చిన్న మెస్ వెనక పెరడు. మధ్యాహ్నం భోజనాలు ఇంకా మొదలు కాలేదు. మెస్ నడిపే ఆవిడ, మున్సిపాలిటీ నుంచి తనిఖీకి వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు మాట్లాడుకుంటున్నారు.

"...అందుకే చెప్తున్నా, పొయ్యి ఆపేయమ్మా. సీలు వేయాలి."

"ఆపను. అన్నం ఉడుకుతోంది."

"ఉడికేదాకా నన్ను నిలబడమంటావా?"

"స్టూలు వేస్తాను, కూర్చోండి. సగం ఉడికిన అన్నం ఎవరికి పెట్టమంటారు సార్? అదీ చెత్తలోకే పోవాలి. చెత్త ఎక్కువైందనే కదా మీరొచ్చింది."

"నేనొచ్చింది ఫిర్యాదు మీద. పెరట్లో చెత్త కుళ్లబెడుతున్నారు, వీధంతా కంపు అని నిన్న మా ఆఫీసుకి ఫోనొచ్చింది. మెస్ వెనక చెత్త నిలవ పెట్టకూడదు. అది రూలు."

"ఎక్కడుంది కంపు?"

"అంటే..."

"అంటే కాదు. మీరు పెరట్లోకొచ్చి చాలాసేపైంది. జేబురుమాలు చేత్తో పట్టుకునే వచ్చారు. ముక్కుకి పెట్టుకోలేదేం?"

"జలుబు చేసింది."

"జలుబు చేసినవాళ్లు గుమ్మంలోకి రాగానే వంట ఘుమఘుమలాడుతోంది అనరు."

"మాటలు బాగా చెప్తావు. ఆ డ్రమ్ములేంటి?"

"మూత తీసి చూడండి."

"నేనా?"

"మీరే. నేను తీస్తే ముందే సర్దిపెట్టానంటారు."

"సరే... ఏంటిది, పైన పొట్టులా ఉంది?"

"రంపప్పొట్టు. పక్కన వడ్రంగి మావయ్య ఇస్తాడు. కూరల తొక్కలూ, టీ పిప్పీ, కంచాల్లో మిగిలిందీ ఒక వరస. దాని మీద పొట్టు ఒక వరస. తడంతా లాగేస్తుంది. ఈ చివరిది చూడండి, ఎరువు తయారైపోయింది. చేత్తో తీసుకోండి, పర్లేదు, మట్టే. నర్సరీ ఆవిడ వచ్చి పట్టుకెళ్తుంది."

"తెలుసమ్మా. ట్రెయినింగులో మాకూ చూపించారు. నేనూ ఇంట్లో చేశాను. ఇంత పొడిగా రాలేదు, మా ఆవిడ బయట పారేయించింది. అది వేరే సంగతి."

"తెలిసీ సీలంటారా?"

"తెలియడం వేరు, డ్యూటీ వేరు. తడిదీ పొడిదీ విడదీసి బండికివ్వాలి. నీ పని అంతవరకే. తర్వాతది మేం చూసుకుంటాం."

"ఇచ్చాను. రెండు బుట్టలు పెట్టి, చిక్కుపడ్డ జుట్టు దువ్వినట్టు ఓపిగ్గా విడదీసి ఇచ్చాను. మీ బండివాడు నా కళ్ల ముందే రెండూ కలిపి గుమ్మరించాడు. అదేంటయ్యా అంటే, బండికి ఒకటే పొట్టమ్మా అన్నాడు."

"బండ్ల కొరత ఉంది."

"ఉందని తెలిసే కదా మీ బండికి బరువు తగ్గించాను. దానికి సీలా?"

"అమ్మాయ్, ఏంటి గొడవ? పొయ్యి ఆపమంటున్నారని లోపల నీ వంటమనిషి ఏడుస్తోంది."

"రా బాబాయ్. ఈయన ఇన్‌స్పెక్టరు గారు. ఎదురుగా జ్యూస్ కొట్టు మా బాబాయ్‌దే సార్."

"ఎదురు కొట్టా? అయితే కంపు ముందు మీకే కొట్టాలి. ఫోను చేసింది మీరేనా పెద్దాయనా?"

"నేనెందుకు చేస్తానండీ? నా కొట్టు తొక్కలన్నీ ఈ డ్రమ్ముల్లోకే వస్తాయి. ఇవి రాకముందు మనుషుల కన్నా ఈగలే ఎక్కువ జ్యూసు తాగేవి."

"మరి ఎవరో చేశారుగా. ఊరికే రాదు కదా ఫోను. ఇంతకీ ఈ అవస్థంతా ఎందుకమ్మా? ఆ ప్రైవేటు కంపెనీ ఉందిగా, వ్యానేసుకొచ్చి తీసుకెళ్తారు. వాళ్లతో మాట్లాడుకో."

"వాళ్లూ వచ్చారు సార్. మీ వీధి కొట్లన్నీ కలిపినా మా వ్యాను అడుగు కూడా నిండదన్నారు. పెద్ద హోటళ్లయితేనే వస్తారట."

"మన చెత్తంటే కూడా చిన్నచూపేనండి వాళ్లకి."

"నవ్వకు బాబాయ్. నవ్వే సంగతి కాదు. సార్, మూల మీద టీ కొట్టు తాతకి మీ ఆఫీసువాళ్లే సీలు వేశారు. ఆయన తప్పేంటి? ఒకటే బుట్ట పెట్టాడు. రెండోది పెడితే ఇక జనం నిలబడే చోటే ఉండదు ఆ కొట్లో. తర్వాత సీలు తీశారు. తాత మాత్రం కొట్టు తీయలేదు. ఓపిక లేదమ్మా అన్నాడు. పొద్దున్నే వచ్చి మూసిన తలుపు ముందు కూర్చుని, వచ్చేపోయేవాళ్లని పలకరించి వెళ్తున్నాడు. చూసే వచ్చారుగా మీరు?"

"...చూశాను. ఎవరో అనుకున్నా."

"ఆయనే."

"ఆ సీలు నేను వేయలేదమ్మా. ఈ వార్డుకి నేను కొత్త."

"తెలుసు. అందుకే మిమ్మల్ని ఏమీ అనట్లేదు."

"అనకుండానే ఇంత అంటున్నావు."

"ఇంకోటి కూడా వినండి. సందు చివర మీ షెడ్డుంది. విరిగిన చీపుళ్లు పడేసి తాళం వేశారు. అది మా వీధికి ఇవ్వండి. డ్రమ్ములు మేం తెచ్చుకుంటాం, చూసుకునే మనిషిని మేం పెట్టుకుంటాం. కూరగాయల కొట్టు, పూల కొట్టు, అందరూ సరేనన్నారు. నా పెరట్లో ఇక కాలు పెట్టే చోటు లేదు. మూడో డ్రమ్ము తెచ్చిన రోజు బట్టలారేసుకునే తీగ కూడా తీసేశాను."

"ఆఫీసులో అడగాల్సింది."

"ఎండాకాలంలో అడిగాను. వానల్లో గొడుగేసుకెళ్లి అడిగాను. ఒక్కసారి వచ్చి చూడండి, చూశాకే కాదనండి అన్నాను. చూస్తాంలే అన్నారు. ఒక్కరూ రాలేదు. మా బాబాయ్‌ని కూడా తీసుకెళ్లాను, పెద్దమనిషి మాటైనా వింటారేమోనని."

"నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మర్చిపోయారండి. ఫ్యాను కూడా కట్టేశారు."

"షెడ్డు సంగతి నాకు తెలియదమ్మా. ఫిర్యాదొచ్చింది, చర్య తీసుకోవాలి. పోయిన వారం ఒక కొట్టు వదిలేశానని నన్ను అందరి ముందూ నిలబెట్టి అడిగారు. నా ఉద్యోగం నాది."

"అయితే వేయండి. ఏ తలుపుకి వేస్తారు, ముందుదానికా? వేయండి. పొయ్యి వీధిలో పెట్టుకుంటాం. డ్రమ్ములు తీసుకెళ్లి మీ ఆఫీసు గుమ్మం ముందు వరసగా పెడతాం. కంపొస్తే మీవాళ్లే చెప్తారు."

"బెదిరిస్తున్నావా?"

"బెదిరించడం లేదు. రేపట్నుంచి మేం ఎక్కడుంటామో చెప్తున్నా."

"ఒక డ్రమ్ము నేను మోస్తానమ్మాయ్."

"మీరుండండి పెద్దాయనా, నడుం పట్టేస్తుంది. ఏం మనుషులు మీరు... సరే. సీలు వేయను. కంపు లేదు. లేనిది ఉందని నేను రాయలేను, ఎవరేమనుకున్నా సరే."

"చల్లగా ఉండండి బాబూ."

"ఆగు బాబాయ్. అంతేనా సార్?"

"ఇంకేం కావాలమ్మా? నీ మెస్ నీకు మిగిలింది."

"నా మెస్ సరే. వీధి సంగతి?"

"నా చేతిలో లేదంటే వినవేం? ఈ ఫిర్యాదు ముగించడం వరకే నా పని. అదైనా ఫోను చేసిన మనిషి, సరే, నాకిక ఇబ్బంది లేదు అనాలి. అనకపోతే ముగించడానికి వీల్లేదు."

"అనకపోతే?"

"కొత్త పద్ధతి పెట్టారు. కమిషనరు గారు స్వయంగా వచ్చి చూడాలి."

"స్వయంగానా?"

"స్వయంగా. అందుకే ఎవరూ అంతదాకా తెచ్చుకోరు. ఆ మనిషి పేరు చెప్పలేదట, ఆఫీసువాళ్లు నంబరు నాకివ్వరు. మీ వీధి మనిషే అయ్యుంటారు. ఎవరో చెప్పు, నేనే వెళ్లి మంచిగా మాట్లాడి ఒప్పిస్తాను. ఈ డ్రమ్ములు చూపిస్తే ఒప్పుకోరూ?"

"ఒప్పుకోరు."

"నీకెలా తెలుసు?"

"అడిగినన్నాళ్లూ రానివాళ్లు, కంపు అనగానే తెల్లారేసరికి వచ్చారు కదా సార్. కమిషనరు గారిని కూడా రమ్మనండి. వచ్చేటప్పుడు ఆ షెడ్డు తాళంచెవి తెమ్మనండి. ఫోను చేసింది నేనే."