వాకిట్ల చెప్పిన మాట

ఖానాపూర్‌లో చర్చి పక్క గది. బయట వాన. పాస్టర్ శ్యాంసుందర్, అతని అక్క వినోద. ముందు బైబిలు, తర్జుమా కాగితాలు.

"‘క్రియలు’ అని పెట్టకు తమ్మీ. మనోళ్లు చావు క్రియలనుకుంటరు."

"మరి ‘పనులు’ అందామా? విశ్వాసం ఉంటే సరిపోదు, పనులు గూడ ఉండాలె అని?"

"పనులంటే నాటు వెయ్యాల్నా, మగ్గం నడపాల్నా అని అడుగుతరు."

"నవ్వకు అక్కా. రేపు కరీంనగర్ నుంచి రికార్డింగోళ్లు వస్తరు. బైబిల్ల ఉన్న ఈ ఉత్తరం మొత్తం మన మాటల్లకు తెచ్చిన. గీ ముక్క కాడనే ఆగింది."

"నీ ఫోన్ మోగుతుంది."

"మోగనియ్."

"రోజారాణి."

"తెలుసు. జర ఇటు చూడు. కింద ముచ్చట పట్టుకుందాం. ఒకడు ఆకలితోని వచ్చి వాకిట్ల నిలవడ్డడు. ఇంటాయన ఏమియ్యడు, మంచి మాట చెప్పి తోలిస్తడు. గా మాట ఏముండాలె?"

"‘పో’ అను."

"ఛీ! ఎల్లగొట్టినట్టుంటది. ఈయన చెడ్డోడు కాదక్కా. ప్రేమగనే మాట్లాడ్తడు. చేసుడే చెయ్యడు. గసొంటి మాటే దొరుకుతలేదు."

"మళ్ల మోగుతుంది. ఎత్తు."

"ఎత్తి ఏం చెప్పాలె? ప్రార్థన చేస్తనని పొద్దుగాలనే చెప్పిన."

"వాళ్ల అత్త చంద్రవ్వకు దమ్ము ఆడుతలేదట. అత్తాకోడండ్లు బస్టాండ్లనే కూసున్నరు."

"బస్సు వస్తది."

"ఎప్పుడు?"

"వస్తదే అక్కా! అంబులెన్సుకు గూడ చెప్పిన్రు గదా."

"అది ఇంకో ఊరికి పోయింది. అందుకే చర్చి బండి అడుగుతందుకు వచ్చిరి. వానల తడుసుకుంట వచ్చిరి తమ్మీ."

"నిర్మల్ దవాఖానకు పోయి రావాలంటే పూట గడుస్తది. రేపటికి ఇది ఎవడు రాస్తడు?"

"పూట సంగతి ఇడువు. చంద్రవ్వను ఏమని తోలిచ్చినవ్?"

"పరేషాన్ చెయ్యకు."

"చెప్పు. నేను ఇంట్ల ఉన్న, సరిగ ఇనవడలే."

"మంచిగనే చెప్పిన."

"ఏమని?"

"ఏమని అంటె... ‘ఫికర్ చెయ్యకు అవ్వా, దేవుడు చూస్కుంటడు. పైలంగ పోయిరా’ అన్న."

"ప్రేమగనే అన్నవా?"

"ప్రేమగనే అన్న అక్కా! నేనేమన్న..."

"ఏమాయె, ఆగినవ్?"

"గా ఇంటాయన మాట... నాదే గదక్కా."

"దొరికింది గదా, రాస్కో. బండి తాళం ఏడ పెట్టినవ్?"