పుట్టని బిడ్డకు టోకెన్

పేషెంటు ఎక్కడా అని అలా నా వెనక తలుపువైపు చూడకండి డాక్టరమ్మా! పేషెంటు రాలేదు. వచ్చే నెలదాకా రాడు. రాదు. ఏదో ఒకటి. ఇంకా పుట్టనే లేదు.

మరి లోపలికి ఎలా పంపారంటారా? బయట బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిని అడగండి. టోకెన్ లేందే పంపనంది. పేషెంటు పేరు చెప్పమంది. పెట్టలేదన్నాను. వయసు చెప్పమంది. ఇంకా మొదలవలేదన్నాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో మిగతావన్నీ ఉన్నాయి తల్లీ, సోమలింగమే తక్కువ, అదే రాసుకో అన్నాను. నవ్వనైనా నవ్వకుండా రాసుకుంది! మీ చేతిలో చీటీ చూడండి. పేరు దగ్గర ‘బేబీ’, వయసు దగ్గర సున్నా. ఫీజు మాత్రం నిండు మనిషికి తీసుకున్నట్టే తీసుకుంది. సున్నాకి కూడా ఫీజేనా అమ్మా మీ దగ్గర?

కాబట్టి ఈ కాసేపూ నాది. కొనుక్కున్నాను. ఆ బెల్లు మీద నుంచి చెయ్యి తీసెయ్యండి.

గుర్తుపట్టారుగా? పట్టకేం! మొన్న మా అమ్మాయితో వచ్చాను. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే పిల్ల, నిండు నెలలు, చేతిలో ఫోను, ఫోన్లో బోలెడు ప్రశ్నలు. దాని పక్కన కూర్చున్న ముసలాయన్ని. అవును, ఆ నోరున్న ముసలాయన్నే.

నన్ను ఎవరూ పంపలేదు, ముందే చెబుతున్నా. మా ఆవిడ అసలే పంపలేదు. ఆవిడ నాతో మాట్లాడితేగా పంపడానికి! గిన్నెలతో మాట్లాడుతుంది. “పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, డాక్టరు దగ్గరికి ఈయన్నెందుకు తీసుకెళ్ళిందే పిల్ల?” అని గిన్నెనడుగుతుంది. గిన్నె ఏం చెబుతుంది? ఠంగుమంటుంది. ఆ ఠంగు నాకు వినపడాలని.

అసలు నాకు తెలీకడుగుతాను, బిడ్డ పుట్టకముందే పిల్లల డాక్టర్ని వెతకడం ఏమిటమ్మా? మా రోజుల్లో బిడ్డకి జ్వరం వస్తే ఎత్తుకుని పరిగెత్తేవాళ్ళం. ఎవడు తలుపు తీస్తే వాడే డాక్టరు. ఇప్పుడో? బిడ్డ ఇంకా కడుపులో ఈత కొడుతూనే ఉంటుంది, ఇక్కడ డాక్టర్లకి పెళ్ళిచూపులు! పుట్టిన రోజున ఆస్పత్రికొచ్చి మీరే చూస్తారా, మేమే తీసుకురావాలా? వేళ కాని వేళ ఒళ్ళు కాలిపోతుంటే ఫోను మీరెత్తుతారా, మెషీన్ ఎత్తుతుందా? దగ్గే పిల్లల్నీ బాగున్న పిల్లల్నీ ఒకే హాల్లో కూర్చోబెడతారా? మీరు సెలవు పెడితే ఎవరు చూస్తారు? టీకాలు ఇన్సూరెన్సులో వస్తాయా, చేతి నుంచి పెట్టుకోవాలా?

అబ్బబ్బబ్బ! బేకరీలో నన్ను బట్టీ దగ్గర పనికి పెట్టుకున్నప్పుడు మా యజమాని ఇన్ని అడగలేదు. బట్టీ ముందు చెయ్యి పెట్టి వేడి ఎంతుందో చెప్పమన్నాడు. చెప్పాను. రేపట్నుంచి రమ్మన్నాడు. ముసలాణ్ణయ్యేదాకా ఇంక నన్నేమీ అడగలేదు.

ఇక ఆ ఇన్సూరెన్సు! దాని గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. బీపీకి కూడా ఇన్సూరెన్సు లేదు నాకు.

అల్లుడి ఆఫీసు వాళ్ళిచ్చింది. అల్లుడు మంచివాడే, కాదనను. నోట్లో నీళ్ళు పోసుకున్నట్టుంటాడు, అంతే. వాళ్ళకి ఫోన్ చేస్తాడు. అటునుంచి పాట వస్తుంది. పాట అయ్యాక ఎవరో మాట్లాడతారు. ఇతను “అవునండీ, అవునండీ” అంటాడు. ఫోను పెట్టేశాక ఏమన్నారు బాబూ అంటే, “మళ్ళీ చెయ్యమన్నారు మావయ్యా” అంటాడు. దానికి అన్ని అవునండీలు ఎందుకు?

ఆఖరికి మా అమ్మాయే తేల్చింది. బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి లెక్కలో ఉంటుందిట. బయటికొచ్చాక కూడా కొన్నాళ్ళు తల్లి లెక్కేనట. ఆ తర్వాత పేరు పెట్టి, కాగితం పంపి, చేర్పించాలి. చేర్పించేలోపు గడువు దాటిపోయిందనుకోండి, ఇంక వాడు వాళ్ళ లెక్కలో మనిషే కాదు! మరి అప్పుడు జ్వరం వస్తే ఆ జ్వరం ఎవరిదమ్మా? గాలికొచ్చిందా జ్వరం?

అందులో మళ్ళీ ఒక లిస్టు. లిస్టులో ఉన్న డాక్టరైతే వాళ్ళు కడతారు. లేని డాక్టరైతే మనం కట్టి, బిల్లులు పంపించి, నోరు తెరుచుకు కూర్చోవాలి. మా వైపు మొత్తానికి లిస్టులో ఉన్న పిల్లల డాక్టర్లు ఇద్దరు. ఒకరు మీరు. రెండో ఆయన వంతెన దాటాక ఉన్నాడే, గాజు తలుపులాయన.

ఏమన్నారు? ఆయన చాలా పెద్ద డాక్టరా? ఎంత పెద్దయితే ఏం లాభం! నేను వెళ్ళి చూసొచ్చాను నిన్న. చంకలో పిల్లా లేదు, చేతిలో చీటీ లేదు. మనవణ్ణి తీసుకుని అమ్మాయి వెనక వస్తోందని చెప్పి మూల కుర్చీలో కూర్చున్నాను. ఆయన గది తలుపు వెయ్యడు. వేస్తే తియ్యడానికి టైం పడుతుందని కాబోలు. తల ఎత్తడమ్మా ఆ మనిషి! ఒకావిడ, “పిల్లాడు పాలు తాగడం లేదండీ, నాకేమో...” అంటోంది. ఆ “నాకేమో” తర్వాత ఏముందో ఆ తల్లికే తెలియాలి. మందు రాసేసి తర్వాతవాళ్ళని పిలిచేశాడు. ట్రేలో రొట్టెలు తోసినట్టు తోస్తున్నాడు. మేమైనా నయం, కాలిందో లేదో ఒకటి విరిచి చూసేవాళ్ళం.

అక్కడికి పంపమంటారా మా పిల్లని?

లిస్టులో లేనివాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారు. అనడానికేం! కాన్పుకి షాపువాళ్ళు సెలవిస్తారు, జీతం ఇవ్వరు. అవునండీ గారి ఒక్క జీతం. బిడ్డేమో స్కానింగులో కొంచెం చిన్నగా కనిపించింది. కంగారు పడొద్దు, కానీ పుట్టాక మొదటి వారాలు కనిపెట్టుకుని ఉండాలన్నారు. అంటే మాటిమాటికీ తీసుకెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా చేతి నుంచి పెట్టాలంటే, రేపు తీసుకెళ్దాంలే, ఎల్లుండి తీసుకెళ్దాంలే అనిపిస్తుంది మనిషికి. నాకు తెలుసు. ఎల్లుండి అనుకునే ఇళ్ళు నేను చాలా చూశాను.

అంచేత, చచ్చినట్టు, మీరే.

సరే. మొన్నటి సంగతి. నేను ఎత్తకపోతే మీరు ఎత్తేలా లేరు.

నేనేం అడిగాను? “మీకు పిల్లలెంతమందమ్మా?” అని అడిగాను. అందులో తప్పేముంది? అది మాకు పలకరింపు! బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి అడుగుతాం. తాళం బాగుచెయ్యడానికొచ్చినవాణ్ణి అడుగుతాం. మీరు “లేరండీ” అన్నారు. మర్యాదగానే అన్నారు. అక్కడితో ఊరుకోవాలి. ఊరుకుంటే నేనెందుకవుతాను? గొడ్రాలికేం తెలుసు అని ఒక పాడు సామెత ఉంది కదా, మొత్తం అనేశాను. మీ నర్సు ముందు. మా అమ్మాయి ముందు. బరువు తూచే మిషన్ మీద బిడ్డని పెట్టి బట్టలిప్పుతున్న ఎవరో తల్లి ముందు.

మీరు అరవలేదు. పెన్నుకి మూత పెట్టి, “వేరే డాక్టర్ని చూసుకోండి” అన్నారు. నాతో కాదు. మా అమ్మాయితో.

ఏంటీ? మర్చిపోయారా? బాగుంది! మర్చిపోయినవాళ్ళ మొహం అలా ఉండదు తల్లీ.

సామెత నేను కట్టింది కాదు. ఆ మాటే ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నాను, పెద్దవాళ్ళు చెప్పిందే కదే నేనన్నది అని. గిన్నెలు పక్కన పెట్టి నా మొహం చూసింది. “ఆ పెద్దవాళ్ళు కన్నారా? మీరు కన్నారా? మీకేం తెలుసు?” అంది. ఆవిడ నాతో ఆడిన ఆఖరి మాట అదే.

మా అమ్మాయి మాత్రం ఒక్క మాట అనలేదు. అదే ఒళ్ళు మండుతోంది! తిట్టొచ్చుగా? తిట్టదు. ఎదురుగా కూర్చుని భోజనం చేస్తుంది. నీళ్ళ గ్లాసు నా వైపు జరుపుతుంది. ఏదో చెప్పబోయినట్టు చూస్తుంది, మళ్ళీ కంచంలోకి చూసుకుంటుంది. నెలలు నిండిన పిల్ల, డాక్టరు లేకుండా పోయిందని దిగులు పడుతుంటే చూస్తూ ఎలా కూర్చుంటాను?

ఎందుకన్నారు అంటారా? ఎందుకేమిటి, నోటి దురద.

...కాదు. అడిగారు కాబట్టి చెబుతాను. టోకెన్‌ కొనుక్కున్నాక అబద్ధమెందుకు!

ఆ స్కానింగు అయినప్పట్నుంచీ దాని నుదుటిమీద ఒక గీత పడింది. ఇక్కడ, రెండు కనుబొమ్మల మధ్య. నేను రోజూ అంటూనే ఉన్నాను, “ఏం కాదులేవే, ఏం కాదు” అని. పొద్దున అంటాను, సాయంత్రం అంటాను. “అలాగే నాన్నా” అంటుంది. గీత అలాగే ఉంటుంది. నాకు తెలిసింది అదొక్కటే కదా అనడానికి!

మొన్న మీరు ఒక్కసారైనా ‘ఏం కాదు’ అన్నారా? అనలేదు. చిన్నగా పుడితే బరువు ఎప్పుడెప్పుడు చూస్తారో చెప్పారు. ఏది మామూలో చెప్పారు. ఏది కనిపిస్తే ఎవర్నీ అడక్కుండా పరిగెత్తుకు రావాలో చెప్పారు. భయం కలిగే మాటలే అన్నీ! నాకు చెమట పట్టింది. దానికేమో గీత పోయింది. నేను చూస్తుండగానే పోయింది. ఇన్ని నెలలు నేను చెయ్యలేని పని, ముక్కూ మొహం తెలియని మీరు, ఆ కుర్చీలో కూర్చుని, పెన్ను ఆడిస్తూ చేసేశారు.

ఏం చెయ్యమంటారు? ఏదో ఒకటి అనాలిగా నేను! చేతికి రాయి దొరకలేదు, సామెత దొరికింది.

నవ్వుతున్నారా? నవ్వండి. నేను నవ్వించడానికి రాలేదు.

ఇప్పుడు బేరం. క్షమాపణ నాకు రాదు, ఎవరూ నేర్పలేదు, ఈ వయసులో నేర్చుకోను. దాని బదులు ఇంకోటి ఇస్తాను. మీరు బిడ్డని చూస్తాననండి. నేను ఈ గుమ్మం తొక్కను. మొదటిసారి తెచ్చినప్పుడూ రాను, టీకాలకీ రాను. హాల్లో కూర్చోను, మెట్లమీద నిలబడను. మనవడో మనవరాలో గుక్కపట్టి ఏడుస్తుంటే అవునండీ గారే ఎత్తుకుంటాడు. నేను ఇంట్లో, మా ఆవిడ గిన్నెలు వింటూ కూర్చుంటాను. ఇంతకన్నా నా దగ్గర ఇవ్వడానికేం లేదు. ఇది కూడా కడుపు మండే ఇస్తున్నాను.

ఏమంటారు?

...మళ్ళీ చెప్పండి?

ఎవరు? మా అమ్మాయా? ఫోన్ చేసిందా? ఎప్పుడు?

మొన్న సాయంత్రమే!

అంటే... ఇక్కణ్ణుంచి వెళ్ళిన రోజే. తను క్షమాపణ చెప్పిందా? నా తరపున దానికేం పని క్షమాపణ చెప్పడానికి! సరే, తర్వాత? మీరు చూస్తానన్నారా? అన్నారు. మీ పేషెంట్ల పుస్తకంలో ఎక్కించేశారా? ఎక్కించేశారు.

మరి ఇందాకట్నుంచీ ఆ మాట చెప్పకుండా నన్నెందుకు వాగనిచ్చారమ్మా?

చెప్పబోతే నేను చెప్పనిచ్చానా? ఊఁ. అదీ నిజమే.

ఏమని చెప్పింది? ఆ మధ్యలో ఏదో మింగేశారు మీరు. పరవాలేదు, చెప్పండి. నేను గాజుబొమ్మని కాదు. ఉన్నదున్నట్టు చెప్పండి.

...“ఇంకెప్పుడూ నాన్నని తీసుకురాను” అందా?

మీరడిగారా అలా అనమని? అడగలేదు. తనే అంది.

చూశారా! నేను ఇంత దూరం వచ్చి, బేరమాడి, పెద్ద త్యాగం చేస్తున్నానని మురిసిపోతున్నా. ఆ సరుకు మొన్ననే అమ్ముడైపోయింది. నన్నడక్కుండా అమ్మేసింది. గట్టి పిల్ల. అంతా నా పోలికే.

అయితే ఆ భోజనాల దగ్గర... ఆ చూపులు... డాక్టరు దొరకలేదని కాదన్నమాట. ఈ ముసలాడికి ఎలా చెప్పాలా అని.

లేదు, నీళ్ళు వద్దు. ఏమీ అవలేదు నాకు. లేస్తున్నాను. బయట దగ్గే పిల్లలున్నారు, నా వల్ల ఆలస్యం ఎందుకు. సున్నా ఏళ్ళ పేషెంటుని చాలాసేపే చూశారు.

ఒక్క మాట. నేను వచ్చానని దానికి చెప్పకండి. ఆ చీటీ చింపెయ్యండి. తననే చెప్పనివ్వండి నాకు, ఎప్పుడు ధైర్యం వస్తే అప్పుడు. నాకేం తెలీనట్టు వింటాను. విని, గొడవ చేస్తాను. చెయ్యాలిగా మరి! నేను గొడవ చెయ్యకుండా సరేనంటే, నాకేదో జబ్బు చేసిందని అది హడలిపోతుంది, ఈ పరిస్థితిలో. అంచేత బాగా అరుస్తాను. మిమ్మల్ని కూడా నాలుగు మాటలు అంటాను, ఏమీ అనుకోకండి. సామెతలు మాత్రం వాడను. కాసేపు అరిచాక, కాళ్ళు నొప్పులు, ఆ మెట్లెక్కడం నావల్ల కాదు, మీరే వెళ్ళండి పొండి అనేస్తాను.

నమ్ముతుందంటారా?

నమ్మదు. నమ్మినట్టు ఊరుకుంటుంది.