తలకాయలోళ్ళు లేరన్న సారు

మునగాల దాటినాక రోడ్డు పక్క ఊరు. 1986, నాట్ల కాలం. బడి వరండాలో గుంజకు ఒక ముసలాయనను కట్టేశారు. ఆయనకు కాపలా బడి ముందు పుట్నాలమ్మే రుక్కమ్మ. ఆమెతో వాదిస్తున్నది సుధాకర్ సారు.

"ముందు ఆ తాడు విప్పు అవ్వా."

"నేను గట్టిన ముడి నేనే ఇప్పుతనా సారూ? మొగోళ్ళు పొలాల కాడికెల్లి వస్తుండ్రు. వాళ్ళే ఇప్పుతరు. తాడునో, వీని తోలునో."

"అదే నా భయం. కర్రలు పట్టుకుని వస్తారు. ఒకడు కొడతాడు, వాణ్ణి చూసి అందరూ కొడతారు. మనిషి పోయాక ఎవరయ్యా నువ్వు అని అడుగుతారు."

"తలకాయలు కోసేటోన్ని ఎవ్వలని అడుగుడేంది?"

"తలకాయలు కోసేవాళ్ళు లేరు! ఎన్నిసార్లు చెప్పాలి? వంతెనకు కావాల్సింది సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము. పిల్లల తలకాయలు వేస్తే వంతెన గట్టిపడదు, కంపు కొడుతుంది."

"మరి ఏటి మీద పాత బిర్జి ఎట్ల కూలింది?"

"సిమెంటు తక్కువేశారు, కూలింది."

"నువ్వే అంటున్నవ్. సిమెంటే సక్కగ ఎయ్యనోడు తలకాయ ఏస్తడా? గందుకే కూలింది. గందుకే కొత్తదానికి ముందుగాల్నే పోగు చేస్తుండ్రు."

"సారూ, దూపయితుంది. జర నీళ్ళు..."

"నువ్వు నోర్ముయ్! పేరేందన్నవ్?"

"బిచ్చా, యాడీ, తల్లీ. తిరుమలగిరి అవతల తండ."

"సూసినవా సారూ, అడగంగనే చెప్పిండు. దొంగతనానికొచ్చినోడు అసలు పేరు చెప్తడా? అంటే బిచ్చా కాదన్నట్టు."

"చెప్పకపోతే దొంగ, చెప్తే అబద్ధం. ఇంక ఆయన ఏం చెయ్యాలి అవ్వా?"

"దొరకకుంట ఉండాలె."

"సరే. ఆ సంచి విప్పి చూశావు కదా. ఏముంది?"

"మక్కకంకులు."

"మరి?"

"కింద మక్కకంకులే, మీద మక్కకంకులే. నడుమ ఒక తలకాయ పట్టేంత జాగ ఉంది."

"నీతో కాదు. బిచ్చా, నువ్వు చెప్పు. కొడవలి ఎందుకు తెచ్చావ్? ఆ కొడవలే నిన్ను ముంచుతోంది."

"తలకాయలోళ్ళు ఎదురైతే ఎట్ల సారూ? చేతిల ఏదన్న ఉండాలె గద."

"ఏమన్నావ్?"

"బస్సు దిగి ఒక్కన్నే నడిసిన. వాళ్ళు గుంపులు గుంపులు తిరుగుతరట."

"ఆగాగు. నువ్వు కూడా నమ్ముతున్నావా?"

"నమ్ముడేంది సారూ, ఉన్నరు గద. నేను గాదు, గంతే."

"ఇన్నవా సారూ! కట్టేసినోడే ఉన్నరంటుండు, నువ్వొక్కనివి లేరంటవ్."

"నిన్ను విడిపించడానికి లేరు లేరని నేను గొంతు చించుకుంటుంటే, నువ్వే ఉన్నారంటావేంటయ్యా!"

"ఉన్నదాన్ని లేదని ఎట్లంటం సారూ? పానం కోసమని అబద్ధం ఆడాల్నా?"

"వద్దులే. ఎవరూ ఆడొద్దు. ఇక్కడికి ఎందుకొచ్చావ్, అది చెప్పు."

"మనుమరాలి కోసం. నా బిడ్డ పుష్పాబాయిని ఈడి తండకే ఇచ్చిన. దాని పిల్ల ఈ బడిల సదువుతది. మునగాల దిక్కు బడుల కాడ రోజూ పిల్లలు మాయమైతుండ్రని మా తండంత ఒకటే లొల్లి. నిద్ర పట్టలే సారూ. పిల్లను మా ఇంటికి తోలుకపోదామని వచ్చిన."

"ఈడ పిల్లలు పోయిండ్రా? ఎవ్వలన్నరు నీకు? పోయింది మీ తిరుమలగిరి దిక్కు. ఊరందరికీ ఎరికే."

"మా దిక్కా? మా దిక్కు ఒక్క పోరడు పోలే యాడీ."

"మా దిక్కు గూడ పోలే."

"విన్నారా? ఇద్దరూ మీ నోటితో మీరే అన్నారు! అక్కడా పోలేదు, ఇక్కడా పోలేదు. ఇంక దేనికి ఈ గొడవంతా?"

"అంటే నడుమ పోతుండ్రన్నట్టు."

"ఔ యాడీ. సూర్యాపేట కాడ గావచ్చు."

"సూర్యాపేటనే. పెద్దూరు. ఎవ్వలు పోయిండ్రు, ఎవ్వలున్నరు అని ఎవ్వలు సూస్తరు?"

"దేవుడా..."

"దేవుడు లేడంటవ్ గద సారూ, మళ్ళ పిలుస్తవేంది?"

"అలవాటు. బిచ్చా, నీ మనవరాలి పేరు చెప్పు. ఈ ముడి దాంతో విడిపోవాలి."

"సక్రి."

"అయిపాయె! నేను ఈడనే పుట్నాలమ్ముత. ఈ బడిల ప్రతి పిల్ల పేరు నాకు కంఠోపాఠం. సక్రి అన్న పిల్ల లేనే లేదు."

"ఉంది."

"ఏడుంది?"

"ఉంది అవ్వా. రుక్మిణి. తండా నుంచి వచ్చే పిల్ల. బళ్ళో చేర్చుకున్న రోజు నేనే రుక్మిణి అని రాశాను."

"ఎందుకు సారూ?"

"బళ్ళో బాగుంటుందని. అందరు సార్లూ అలాగే రాస్తారు బిచ్చా."

"సక్రి బాగ లేదా సారూ? మా అవ్వ పేరు."

"బాగుంది. తప్పు నాదే. తర్వాత మాట్లాడుకుందాం, ఇప్పుడు..."

"ఇప్పుడే మాట్లాడుదం. పిల్లకు పేరు మార్చినవ్. తాత వచ్చి అడిగితే గసొంటి పిల్ల లేదని తేలింది. ఎందుకు మార్చినవ్ సారూ?"

"అవ్వా, నువ్వు ఆయన్ని అనుమానిస్తున్నావా, నన్నా?"

"నేను అడుగుతున్న, గంతే. నీదేవూరు?"

"కోదాడ. తెలిసి అడుగుతావేం?"

"ఆ బిర్జి కంట్రాక్టరుది గూడ కోదాడనే."

"ఎవరు చెప్పారు?"

"ఇప్పుడే అనిపించింది."

"భేష్. ఇంకా ఏమనిపించింది?"

"అంటే ఏమనుకోకు మళ్ళ. మొదట వచ్చిన సార్లు బడికొచ్చి కుర్చీల కునికి, సాయంత్రం బస్సుకు పోదురు. నువ్వు ఎండల తండలు తిరిగి, ఆడపిల్లలను పంపుండ్రని కాళ్ళు గూడ పట్టుకున్నవ్. ఏ సారన్న గట్ల తిరుగుతడా?"

"చదువుకుంటారని తిరిగాను!"

"వాళ్ళు సదువుకుంటే నీకేమొస్తది?"

"ఏమీ రాదు."

"ఏమీ రాని పని ఎవ్వడన్న జేస్తడా సారూ? గదే నా అనుమానం."

"అవ్వా, నీకు దండం. ఈ పుకారు మొదలయ్యాక బడి సగం ఖాళీ అయింది. తండా నుంచి మిగిలింది ఆ ఒక్క పిల్లే. ఇవాళ ఇక్కడ ఆ పిల్ల తాతను కొట్టారంటే, ఇంక ఆ తండాలో నా మొహం చూసేవాడు ఉండడు. ఏ పిల్లా రాదు. అర్థమవుతుందా?"

"అయితుంది. కాని ఇందాక బడి కాడ ఆ రుక్మిణి ఈయన్ని సూసి ఎందుకు ఉరికింది? సొంత తాతను సూసి ఏ పిల్లన్న బల్ల కింద దూరుతదా?"

"గుర్తుపట్టలే యాడీ. దాని మొకం సూసి మస్తు దినాలాయె. దానికి నడక గూడ సరిగ రాకుండె అప్పుడు. అల్లునికి నాకు మాటల్లేవు."

"ఎందుకు లేవు?"

"తలకాయ కాడ లొల్లయింది."

"అగో! అగో సారూ! వాని నోటెంటనే వచ్చింది!"

"మేక తలకాయ యాడీ! మేక! దావత్ల తలకాయ నాకు పెడ్తమని పిలిచి, వాళ్ళ నాయినకు పెట్టిండు. పదిమంది ముంగట. నాకు రోషమొచ్చింది. ఇస్తారి ఇడిసి లేసిన. మళ్ళ పోలే."

"మేక తలకాయ కోసమని బిడ్డ మొకం సూడలేదా? గిది నమ్మాల్నా నేను?"

"దీన్ని మాత్రం నమ్మవా అవ్వా? పిల్లల తలలతో వంతెన కడతారంటే నమ్ముతావ్, మేక తలకాయ కోసం మామా అల్లుళ్ళు కొట్లాడుకున్నారంటే నమ్మవా? మీ ఇంట్లో కొట్లాడుకోలేదా?"

"మా ఇంట్ల బోటి కాడ. గది వేరు."

"సారూ, పిల్లను ఒక్కసారి పిలువుండ్రి. మాట్లాడితే గుర్తువడ్తదేమో."

"ఇందాకే పిలిచానయ్యా. బల్ల కింది నుంచి రావట్లేదు. నీ బిడ్డా అల్లుడూ ఎక్కడ? వాళ్ళొచ్చి ఒక్క మాట చెప్తే చాలు."

"నాట్లకు మిర్యాలగూడ దిక్కు పోయిండ్రట. ఇంటికాడ పిల్ల నాయినమ్మ ఉంది. ఆమెకు కండ్లు ఆనవు."

"సాక్షానికి మంచిగనే తెచ్చినవ్ తియ్. చిన్నది బల్ల కిందికెల్లి రాదు, ముసలిదానికి కండ్లు లేవు."

"అవ్వా, అటు చూడు."

"వస్తుండ్రు. రాములు ముంగట ఉన్నడు. అబ్బ, ఎంతమంది సారూ..."

"విప్పు. త్వరగా."

"నాతోని అయితలేదు. ముడి బిగిసింది. ఏదో నలుగురొచ్చి బెదిరిస్తరనుకున్న, ఊరంత వస్తదనుకోలే."

"సారూ, పిల్లను బయటికి రానియ్యకుండ్రి. నన్ను కొడుతుంటే అది సూడొద్దు."

"నిన్నెవరూ కొట్టరు. నా వెనక ఉండు. రాములూ! ఆగు! అక్కడే ఆగు!"

"పక్కకు జరుగు సారూ. నీ మీద దెబ్బ వడ్తది."

"ఈయన రుక్మిణి తాత రాములూ. తండా పిల్ల, తెలుసు కదా? మనవరాలిని చూడ్డానికొచ్చాడు."

"పిల్ల గుర్తుపట్టిందా?"

"లేదు, కానీ..."

"జరుగు."

"నా మాట విను. తలకాయలోళ్ళు లేరు. నేను సైన్సు చెప్తాను, నాకు తెలుసు."

"లేరు లేరని ఎప్పటికెల్లి చెప్తున్నవ్ సారూ? లేకపోతే గుంజకు గట్టింది ఎవన్ని? కొడవలి ఉంది, సంచి ఉంది, పిల్ల భయపడ్డది. ఇంకేం గావాలె నీకు? గింత కండ్ల ముంగట వెట్టుకోని లేరంటున్నవంటే, నువ్వు గూడ వాళ్ళ మనిషివేనా?"

"నేను గూడ గదే అడిగిన రాములు..."

"అవ్వా, నువ్వు ఊరుకో! రాములూ, కర్ర దించు. దించు. చెప్తాను. ఉన్నారు."

"ఏంది?"

"ఉన్నారు. తలకాయలోళ్ళు ఉన్నారు. నేను చూశాను."

"నువ్వు సూసినవా? ఎప్పుడు?"

"పొద్దున. బడి గంట కొట్టకముందు. వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. పొడుగు మనిషి. నల్ల కోటు."

"ఈ ఉక్కల కోటా?"

"కోటు లేకపోతే కత్తి ఎక్కడ దాచుకుంటాడు?"

"ఔ గద."

"పిల్ల చెయ్యి పట్టబోయాడు. అప్పుడే ఈ తాత వచ్చాడు. కొడవలి ఎత్తి వాణ్ణి తరిమాడు. పిల్ల భయపడింది ఆ కోటువాణ్ణి చూసి, ఈయన్ని చూసి కాదు. మీరేమో కాపాడినవాణ్ణి కట్టేశారు."

"మరి గీ ముచ్చట ఇంతసేపు ఎందుకు చెప్పలే?"

"ఊరు భయపడుతుందని. బడి మూతపడుతుందని. బిచ్చా, నువ్వు చెప్పు. తరిమావా, లేదా?"

"నేనా సారూ..."

"చెప్పు బిచ్చా! నీకు దండం పెడతా, చెప్పు!"

"తరిమిన."

"గట్టిగ చెప్పు తాతా. ఎట్లుండె వాడు?"

"సారు చెప్పినట్టే ఉండె. ఎడమ కాలు జర కుంటుతుండె."

"కుంటుకుంట గూడ నీకు దొరకలేదా?"

"కుంటోడే గని మస్తు ఉరుకుతడు పటేలా."

"ఎటు పోయిండు సారూ?"

"లారీ ఎక్కాడు. చాలా దూరం పోయే లారీ. ఒక్కడే వచ్చాడు, వెళ్ళిపోయాడు, ఇంక రాడు. అయిపోయింది. అందరూ నాట్లకు పోండి."

"ఒక్కడు కనపడ్డడంటే కనపడనోళ్ళు ఎంతమంది ఉన్నరో. అరేయ్, రోడ్డు మీదికి పోదం పదుండ్రి. లారీలు ఆపాలె. కొందరు కాలువ గట్టు పట్టుకొని పోండ్రి. ఆ తాడు కోసెయ్యుండ్రి ముందుగాల. తాతా, తప్పయింది. దేవునోలె వచ్చినవ్."

"రాములూ, లారీలు ఆపొద్దు! రాములూ! వాడు పోయాడని చెప్పాను కదా! నల్ల కోటు వేసుకున్నవాళ్ళనల్లా పట్టుకుంటావా?"

"ఇన్నరో లేదో సారూ, ఉరుకుతనే ఉన్నరు. ఇగో తాతా, నీళ్ళు. మెల్లగ తాగు. చేతులు కందినయా? ఏమనుకోకు, గట్టిగ గట్టిన."

"పానం నిలవెట్టిండ్రు సారూ. కాల్మొక్కుత."

"వద్దు. లే బిచ్చా. ఒక్క మాట. పిల్లను తీసుకుపోకు. నేను చెప్పిందంతా అబద్ధమని నీకు తెలుసు కదా. నువ్వెవర్నీ తరమలేదు, నేనెవర్నీ చూడలేదు."

"ఎరికే సారూ. నేను తరమలే. కాని కోటు నల్లదని, గోడ కాడ నిలవడ్డడని అంత సక్కగ ఎట్ల చెప్పిండ్రు? సూడనిదే అట్ల వస్తదా?"

"వచ్చింది. భయంలో వచ్చింది."

"గావచ్చు. పిల్లను మాత్రం తోలుకపోత సారూ. వాడు మళ్ళొస్తే ఎట్ల?"

"ఏ వాడు బిచ్చా? వాడు లేడు! అవ్వా, నువ్వన్నా చెప్పు ఈయనకు. ఇంతసేపు పక్కనే ఉన్నావ్. నన్ను చూస్తూనే ఉన్నావ్. ఆ మనిషిని బతికించడానికి నేను అల్లిన మాట అది."

"గంట గొట్టు సారూ."

"ఏంటి?"

"గంట గొట్టి పిల్లలను ఇండ్లకు తోలు. మా మనుమడు గూడ లోపలనే ఉన్నడు, నేను తీస్కపోత."

"అవ్వా, నీక్కూడా చెప్పాలా? అబద్ధమంటున్నాను కదా."

"నన్ను మభ్యపెట్టకు సారూ. ఇన్ని దినాలు నోరు ఊకోక తలకాయలోళ్ళు తలకాయలోళ్ళని అన్న గని, నమ్మితే నా మనుమన్ని రోజూ బడికి తోలుదునా? నువ్వు లేరు లేరని లొల్లి వెడ్తుంటే లోపల మంచిగనే అనిపిస్తుండె. ఇయ్యాల నువ్వే కండ్లార సూసిన అంటివి. ఊర్ల అందరు అబద్ధమాడుతరు, నేను ఆడుత, రాములు ఆడుతడు. నువ్వు ఎన్నడన్న ఆడినవా సారూ?"