తావ్ తెరిచిన మంచు బీరువా

ఉత్తర చైనా నుంచి వచ్చిన ఫ్రిజ్ మెకానిక్ తావ్ కోతలు మొదలెడితే గ్వాంగ్‌జౌలోని ఆ టీ హోటల్లో కప్పులు చల్లారాల్సిందే. ఆవేళ మాత్రం అతని కళ్లు తినుబండారాల బండి తోసే యుక్‌హింగ్ వెనకాలే తిరుగుతున్నాయి. మర్నాడు ఆమె పని మానేసి పొరుగూళ్లో అక్క దగ్గరికి పోతోంది. పదకొండేళ్లుగా అతను రోజూ వచ్చేది ఆమె కోసమేనని హోటలంతటికీ తెలుసు. ఆమెతో ఆ ముక్క అనడమే అతని వల్ల కాలేదు.

"మీ క్యాంటనీస్ భాష నాకు ఒక్కపూటలో వచ్చేసింది," అన్నాడు గొంతు పెంచి. "తాగడం మా మాండరిన్లో 'హ', మీకు 'యమ్'. తినడం మాకు 'చ్ర్', మీకు 'సిక్'. ఇవన్నీ నాకో లెక్కా? ఫ్రిజ్ దగ్గరే దొరికిపోయానయ్యా. మేం ఐసు పెట్టె అంటాం, మీరేమో మంచు బీరువా, 'స్యూట్‌గ్వాయ్'. మంచు మొహమెరగని ఊళ్లో మంచు బీరువా ఏవిటి?"

"ఐస్‌క్రీమ్ కూడా మాకు మంచే," అన్నాడు ఎదురు కుర్చీలోని ముసలి కిట్.

"అదే చెప్తున్నా, విను. ఆ మాట సరిగ్గా పలికి తలుపు తీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తన పేరు విని లోపలి మంచు బయటికొచ్చేసింది! వంటిల్లు నిండింది, మెట్లు దిగింది, సందులన్నీ తెల్లబడ్డాయి, పొద్దుగూకేలోపు పెర్ల్ నది గడ్డకట్టింది. దానిమీద జారుకుంటూ హాంకాంగ్ పోయి టీ తాగొచ్చాను. అడుగునున్న చేపలు 'తిన్నావా' అనడిగితే వాటికీ క్యాంటనీస్‌లోనే జవాబిచ్చాను."

"ఏం చేపలు?" అన్నాడు కిట్.

"నీకు చేప కావాలా, కథ కావాలా?" అని కసిరాడు. అంతలోనే అతని గొంతు తగ్గింది. "ఒక్కటే లోటు. మంచు ఎరగని మనిషినొకర్ని చెయ్యిపట్టుకుని ఆ నది మీద నడిపిద్దామనుకున్నా. వెళ్లి పిలిచేలోపే కరిగిపోయింది."

యుక్‌హింగ్ బండి ఆపింది.

"మెకానిక్ గారూ, చేపలతో కూడా మా భాషలో మాట్లాడారా? మరి ఈ కథంతా మాండరిన్లోనే చెప్పారే. పదకొండేళ్లుగా నాకైతే, ఏం కావాలన్నా బండిలో బుట్ట వైపు వేలే చూపించారు."

కిట్ పకపకా నవ్వాడు. తావ్ ఆమె భాషలో, వంకరటింకరగా, ఒక్క మాటన్నాడు. "వెళ్లొద్దు."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఆ ఒక్క మాటకి పదకొండేళ్లు పట్టిందా, నాయనా? నా అద్దె గది ఖాళీ చేసి తాళంచెవి కూడా ఇచ్చేశాను."